ఆటల ముచ్చట: పద్నాలుగు జెర్సీల ఎడ్విన్

మన పత్రిక చదివే పిల్లలకు ఆట అంటే ఫుట్‌బాల్, పెద్దవాళ్లకు క్రికెట్. బేస్‌బాల్ మాత్రం రెండు తరాలకూ హాలీవుడ్ సినిమాల్లో చూసిన ఆటే. అయినా ఈసారి ఒక బేస్‌బాల్ ఆటగాడి గురించి రాస్తున్నాను. దానికి కారణాలు రెండు. అతను పుట్టింది ఇక్కడే, ఈ జర్మనీలోనే. పైగా అతని జీవితమంతా మనలాగే పెట్టే బేడా సర్దుకోవడంతోనే గడిచింది.

పేరు ఎడ్విన్ జాక్సన్. 1983 సెప్టెంబరు 9న నోయ్-ఉల్మ్‌లో పుట్టాడు. ఐన్‌స్టీన్ పుట్టిన ఉల్మ్ పట్టణానికి డోనౌ నది అవతలి ఒడ్డునున్న ఊరది. ఉల్మ్ పెద్ద చర్చి గోపురం చూడటానికి మనలో చాలామంది వెళ్లే ఉంటారు. వంతెన దాటితే బాడెన్-వ్యుర్టెంబర్గ్ అయిపోయి బవేరియా వస్తుంది, అదే నోయ్-ఉల్మ్. ఆ రోజుల్లో అక్కడ అమెరికా సైన్యం మకాం ఉండేది. ఎడ్విన్ తండ్రి ఆ సైన్యంలో పనిచేసేవాడు. 1991లో సైన్యం ఆ ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయింది. వైలీ బ్యారక్స్ అనే ఆ స్థలంలో ఇప్పుడు ఇళ్లు, పార్కు, కాలేజీ ఉన్నాయి. ఎడ్విన్ మాత్రం అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కొలంబస్ అనే ఊళ్లో పెరిగాడు.

ముందు ఆట సంగతి

కథలోకి వెళ్లేముందు ఆట గురించి నాలుగు మాటలు. పిల్లలూ, మీ నాన్నకి కూడా చదివి వినిపించండి.

క్రికెట్‌లో బౌలర్ ఉన్నట్టే బేస్‌బాల్‌లో పిచర్ ఉంటాడు. బంతి నేల తాకకుండానే రావాలి, అంటే అన్నీ ఫుల్‌టాస్‌లే అనుకోండి. మన క్రికెట్ పిచ్ పొడవు 20 మీటర్ల పైచిలుకు. ఇక్కడ పిచర్ నిలబడే చోటికీ బ్యాటర్ ముందుండే పలకకీ మధ్య దూరం 18.44 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని బ్యాటర్ గుండ్రటి కర్రతో కొట్టాలి. బంతి హద్దు దాటి బయటికి పోతే, బ్యాటర్ దాన్ని వదిలేస్తే, అది మన వైడ్ లాంటిది. అలాంటివి నాలుగు పడితే బ్యాటర్ దర్జాగా నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్లిపోతాడు. దాన్ని వాక్ అంటారు. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు.

అన్నిటికంటే విచిత్రమైన సంగతి ఇంకొకటుంది. బేస్‌బాల్‌లో ప్రతి గెలుపునూ ఒక పిచర్ పేరున, ప్రతి ఓటమినీ ఇంకో పిచర్ పేరున రాస్తారు. తక్కిన జట్టంతా కలిసి చెడగొట్టినా సరే, లెక్క మాత్రం ఒక్కడి ఖాతాలో పడుతుంది. అమెరికా మేజర్ లీగ్‌లో 30 జట్లు, సీజన్‌కి ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇరవయ్యో పుట్టినరోజు

అమెరికాలో జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి ఉంది, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2001లో లాస్ ఏంజిలస్ డాడ్జర్స్ ఆరో రౌండ్లో ఎడ్విన్‌ని ఎంచుకుంది. రెండేళ్లు కింది లీగుల్లో ఆడాడు. 2003 సెప్టెంబరు 9న, సరిగ్గా ఇరవయ్యో పుట్టినరోజున, మేజర్ లీగ్‌లో మొదటిసారి బంతి చేతికిచ్చారు. అవతల అరిజోనా జట్టు పిచర్ ఎవరో తెలుసా? ర్యాండీ జాన్సన్. ఆరడుగుల పది అంగుళాల మనిషి, ఆ తరంలో అందరినీ వణికించినవాడు. ఎడ్విన్ ఆరు ఇన్నింగ్స్ వేసి ఒకే ఒక్క పరుగు ఇచ్చాడు. డాడ్జర్స్ 4-1తో గెలిచింది. మర్నాటి నుంచి అందరూ అతన్ని కాబోయే మహారాజు అన్నారు.

మనవాళ్లు ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటారు కదా. తర్వాతి రెండేళ్లు బంతి అతని మాట వినలేదు. వాక్‌లు ఎక్కువయ్యాయి, పరుగులు వరదలా పోయాయి. కింది లీగుకి పంపడం, మళ్లీ పిలవడం. 2006 జనవరిలో డాడ్జర్స్ అతన్ని టాంపా బే జట్టుకు ఇచ్చి వేరే ఆటగాళ్లను తెచ్చుకుంది. దీన్ని ట్రేడ్ అంటారు. పిల్లలు బడిలో ఫుట్‌బాల్ స్టిక్కర్లు మార్చుకుంటారు చూడండి, అలాగే. చాలాసార్లు ఆటగాడి ఇష్టాయిష్టాలు అడగరు.

టాంపా బేలో 2007లో 5 గెలిచి 15 ఓడాడు. మరుసటి ఏడాది అదే మనిషి 14 గెలిచాడు, ఆ జట్టు చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. వెంటనే డెట్రాయిట్‌కి ట్రేడ్. అక్కడ 2009లో ఆల్‌స్టార్ జట్టుకి ఎంపికయ్యాడు. ఇక స్థిరపడ్డట్టే అనుకునేలోపు అరిజోనాకి ట్రేడ్!

నూట నలభై తొమ్మిది బంతులు

2010 జూన్ 25. అరిజోనా తరఫున తన పాత జట్టు టాంపా బే మీద, వాళ్ల మైదానంలోనే ఆడుతున్నాడు. ఆట మొదలవడమే ఘోరంగా మొదలైంది. మొదటి మూడు ఇన్నింగ్స్‌లోనే ఏడుగురికి వాక్ ఇచ్చాడు. మూడో ఇన్నింగ్స్‌లో ఒక్క అవుటూ పడకుండానే మూడు బేస్‌లూ నిండిపోయాయి. మామూలుగా అయితే ఆ దశలో కోచ్ మైదానంలోకి వచ్చి భుజం తట్టి బంతి తీసేసుకుంటాడు. ఆ రోజు తీసుకోలేదు.

ఎడ్విన్ ఆ ఇన్నింగ్స్ నుంచి ఒక్క పరుగూ ఇవ్వకుండా బయటపడ్డాడు. తర్వాత ఒక్కో అవుటే పడుతూ వచ్చింది. తొమ్మిది ఇన్నింగ్స్ అయిపోయేసరికి ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా లేదు. దీన్ని నో-హిట్టర్ అంటారు. నూట యాభై ఏళ్ల మేజర్ లీగ్ చరిత్రలో ఇలాంటివి మూడు వందల పైచిలుకే. వంద బంతులు దాటితే పిచర్‌ని మార్చేసే కాలంలో ఎడ్విన్ ఆ రోజు వేసినవి 149 బంతులు, ఇచ్చిన వాక్‌లు 8. స్కోరు 1-0.

ఆ ఘనత తర్వాత ఏం జరిగింది? దండలు వేశారా? సరిగ్గా ఐదు వారాలకే, జూలై 30న, చికాగో వైట్ సాక్స్‌కి ట్రేడ్ చేసేశారు.

ఆ పైఏడాది ఇంకా చిత్రం. 2011 జూలై 27న వైట్ సాక్స్ అతన్ని టొరాంటో బ్లూ జేస్‌కి ఇచ్చింది. బ్లూ జేస్ అదే రోజు అతన్ని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి పంపేసింది. టొరాంటో జెర్సీ ఒంటి మీదికి రాకుండానే ఆ జట్టు ఆటగాడిగా కొన్ని గంటలు గడిపాడన్నమాట. అదే మార్పిడిలో అతనితో పాటు సెయింట్ లూయిస్ వెళ్లినవాడు ఆక్టావియో డోటెల్. ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. ఆ సంవత్సరం కార్డినల్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. నాలుగో ఆటలో ఎడ్విన్ ఓడిపోయాడు, కానీ జట్టు గెలిచింది కాబట్టి ఛాంపియన్ ఉంగరం అతనికీ దక్కింది.

ఎక్కిన కొండ, దిగిన లోయ

2012లో వాషింగ్టన్‌లో ఒక సంవత్సరం ఆడాక, 2013లో చికాగో కబ్స్ జట్టు నాలుగేళ్లకి 5 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. పదేళ్లు ఊరూరా తిరిగిన మనిషికి మొదటిసారి నాలుగేళ్లు ఒకేచోట ఉండొచ్చన్న భరోసా. సరిగ్గా అప్పుడే లోయ మొదలైంది. మొదటి ఏడాది 8 గెలుపులు, 18 ఓటములు. రెండో ఏడాది 6 గెలుపులు, 15 ఓటములు. 2015లో ఒప్పందం గడువు ఇంకా ఉండగానే కబ్స్ అతన్ని వదిలేసింది. డబ్బు ఒప్పందం ప్రకారం వస్తుంది, ఆడటానికి మాత్రం చోటు లేదు.

చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఎడ్విన్ అట్లాంటా వెళ్లాడు. తర్వాత మయామి, శాన్ డియాగో, బాల్టిమోర్. మళ్లీ వాషింగ్టన్. ఒకప్పుడు ఆల్‌స్టార్ అయినవాడు కింది లీగుల్లో కుర్రాళ్లతో కలిసి ఆడి, మళ్లీ పైకి పిలుపు వచ్చేదాకా ఎదురుచూశాడు. 2018 జూన్‌లో, అప్పట్లో ఓక్లాండ్‌లో ఉన్న అథ్లెటిక్స్ పిలిచింది. పదమూడో జట్టు. అక్కడ 6 గెలిచి 3 ఓడాడు, ఆ జట్టు ప్లేఆఫ్స్‌కి చేరింది. ముప్పై అయిదో ఏట తన మంచి సంవత్సరాల్లో ఒకటి చూశాడు.

2019 మే 15న టొరాంటో బ్లూ జేస్ జెర్సీ వేసుకుని మైదానంలోకి దిగాడు. ఎనిమిదేళ్ల కింద కొన్ని గంటలు మాత్రమే తనదైన ఆ జట్టు, ఇప్పుడు పద్నాలుగోది. పదమూడు జట్లకు ఆడిన ఆక్టావియో డోటెల్ రికార్డు చెరిగిపోయింది. మేజర్ లీగ్‌లో ఇన్ని జట్లకు ఆడిన వాడు అంతకు ముందు లేడు. ఆ సంవత్సరం మాత్రం బాగా దెబ్బలు తిన్నాడు. టొరాంటో వదిలేస్తే డెట్రాయిట్ మళ్లీ పిలిచింది, అక్కడే మేజర్ లీగ్ ఆట ముగిసింది.

అయినా ఇంకో పేజీ మిగిలే ఉంది. కరోనా వల్ల 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జట్టులో ముప్పై ఏడేళ్ల ఎడ్విన్ ఉన్నాడు. ఫైనల్లో జపాన్ చేతిలో ఓడి వెండి పతకం తెచ్చుకున్నారు. 2022 సెప్టెంబరులో ఆట నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు.

పదిహేడు సీజన్లు. మొత్తం లెక్క 107 గెలుపులు, 133 ఓటములు. గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువ. అయినా పదిహేడేళ్ల పాటు ఎవరో ఒకరు అతనికి బంతి ఇస్తూనే ఉన్నారు. నాకు ఈ మనిషి నచ్చింది ఇక్కడే. ఒక జట్టు వద్దనడం వేరు, ఆట వద్దనడం వేరు. మొదటిది అతనికి ఎన్నోసార్లు జరిగింది. ఆ రెండింటినీ అతను ఒకటిగా చూడలేదు.

ఈ గడ్డ మీద పెరిగినవాళ్లు

ఎడ్విన్ పుట్టింది ఇక్కడైనా ఆట నేర్చింది అమెరికాలో. మరి జర్మనీలోనే ఆట నేర్చుకున్న వాళ్లెవరూ లేరా? ఉన్నారు. జర్మనీలో బేస్‌బాల్‌కి కూడా బుండెస్‌లీగా ఉంది. ఉల్మ్‌కి దగ్గరలోని హైడెన్‌హైమ్, బవేరియాలోని రేగెన్స్‌బుర్గ్ పేరున్న జట్లు. రేగెన్స్‌బుర్గ్‌లో చదువూ ఆటా కలిపి నేర్పే ఏర్పాటు ఉంది.

డోనాల్డ్ లుట్స్ అమెరికాలో పుట్టి, హెస్సెన్‌లోని ఫ్రీడ్‌బెర్గ్‌లో పెరిగాడు. జర్మనీలో ఆట నేర్చి మేజర్ లీగ్‌లో ఆడిన మొదటివాడు అతనే. 2013 ఏప్రిల్ 29న సిన్సినాటి జట్టు తరఫున దిగాడు. మే 12న, మాతృ దినోత్సవం నాడు, హోమ్‌రన్ కొట్టాడు. అక్కడ అతను కొట్టిన హోమ్‌రన్ అదొక్కటే. రెండు సీజన్లతో సరి. అతని తర్వాత 2015లో వచ్చిన మాక్స్ కెప్లర్ బెర్లిన్‌లో బ్యాలే నర్తకుల ఇంట పుట్టి రేగెన్స్‌బుర్గ్‌లో ఆట నేర్చుకున్నాడు. పదహారో ఏట మినెసోటా జట్టుతో ఒప్పందం చేసుకుని ఆరేళ్లు కింది లీగుల్లో ఆడాకే పైకి వచ్చాడు. 2019లో 36 హోమ్‌రన్లు కొట్టాడు. ఐరోపాలో పుట్టినవాళ్లలో ఒక సీజన్‌లో అన్ని కొట్టినవాడు అంతకు ముందు లేడు. మూడేళ్ల తర్వాత, 2022లో, కొట్టినవి తొమ్మిదే.

మనకి ఇంకాస్త దగ్గరి పేరు కావాలంటే కుమార్ రాకర్ ఉన్నాడు. అతని తల్లి లలిత భారతదేశం నుంచి అమెరికా వెళ్లిన దంపతుల కూతురు. 2021లో న్యూయార్క్ మెట్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో ఎంచుకుని, వైద్య పరీక్షలయ్యాక ఒప్పందం ఇవ్వలేదు. భుజానికి ఆపరేషన్ అయింది. అతను పేరు తెలియని చిన్న లీగులో ఆడి, 2022లో మళ్లీ డ్రాఫ్ట్‌కి నిలబడ్డాడు. ఈసారి టెక్సస్ మూడో స్థానంలోనే తీసుకుంది. మరుసటి ఏడాది మోచేతికి ఆపరేషన్. 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో మొదటి బంతి వేశాడు.

మన సంగతి

ఇదంతా మనకెందుకు అంటారా? పోయిన ఉగాదికి ఎప్పుడూ ముందుండి పులిహోర కలిపే ఒకాయన రాలేదు. ఫోన్ చేస్తే, "ఉద్యోగం పోయిందండీ. అక్కడికొస్తే అందరూ ఏం చేస్తున్నారని అడుగుతారు కదా" అన్నారు. పరాయి దేశంలో ఉద్యోగం పోవడమంటే జీతం ఒక్కటే కాదు. వీసా, ఇల్లు, పిల్లల బడి అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. ఆ భయం నిజమైనది. ఎడ్విన్ కోట్ల డాలర్లు సంపాదించాడు, అతనితో మనకి పోలికేమిటి అంటే ఒప్పుకుంటాను. బ్యాంకులో డబ్బున్నవాడికి ఓపిక సులువే. కానీ ఆయన ఉగాదికి రాకపోవడానికి కారణం డబ్బు కాదు, సిగ్గు. ఒక కంపెనీ వద్దన్నదాన్ని లోకమంతా వద్దన్నట్టు తీసుకోవడం. అలాంటివాళ్లు మళ్లీ వచ్చినప్పుడు మనం అడగాల్సింది "ఏం చేస్తున్నారు" అని కాదు, "పులిహోర ఎప్పుడు కలుపుతారు" అని.

పిల్లల విషయం ఇంకా ముఖ్యం. ఇక్కడ నాలుగో తరగతి అయ్యేసరికి, పదేళ్ల పిల్లాణ్ణి గిమ్నాజియుమ్‌కి పంపాలా, రియల్‌షూలెకి పంపాలా అని తేలిపోతుంది. ఆ కాగితం ఇంటికొచ్చిన వారం కొన్ని ఇళ్లలో పొయ్యి వెలగనంత పని అవుతుంది. ఇండియాలో తాతయ్యకి ఎలా చెప్పాలని తల్లి, పక్కింటి వాళ్లబ్బాయికి గిమ్నాజియుమ్ వచ్చిందే అని తండ్రి. పిల్లాడు మాత్రం గదిలో తలుపేసుకుని అన్నీ వింటుంటాడు.

ఆ నో-హిట్టర్ ఆటని మూడో ఇన్నింగ్స్ దగ్గర ఆపి మార్కులు వేస్తే ఎడ్విన్‌కి ఎన్ని వచ్చేవి? ఏడు వాక్‌లు, నిండిన బేస్‌లు, సున్నా అవుట్లు. నాలుగో తరగతి కూడా మూడో ఇన్నింగ్స్ లాంటిదే. రియల్‌షూలె నుంచి ఫాఖోబర్‌షూలె మీదుగా ఉన్నత చదువులకు వెళ్లేవాళ్లు ఈ దేశంలో ఎందరో ఉన్నారు. ఈ దేశం ఆ దారులు తెరిచే ఉంచింది. మూసేది చాలాసార్లు మన ముఖం చూసి భయపడిన పిల్లల మనసే. పడ్డవాడు చెడ్డవాడు కాదని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే పడినప్పుడు పక్కన ఎవరో ఒకరుండాలి. ఆ రోజు కోచ్ బంతి తీసేసుకుని ఉంటే నో-హిట్టర్ లేదు.

పిల్లలకు పని

అమెరికా, కెనడా పటం తీసుకోండి. ఎడ్విన్ ఆడిన ఊళ్ల మీద ఎర్ర చుక్కలు పెట్టండి: లాస్ ఏంజిలస్, టాంపా బే, డెట్రాయిట్, అరిజోనా జట్టు ఉండే ఫీనిక్స్, చికాగో, సెయింట్ లూయిస్, వాషింగ్టన్, అట్లాంటా, మయామి, శాన్ డియాగో, బాల్టిమోర్, ఓక్లాండ్, టొరాంటో. జట్లు పద్నాలుగైనా చుక్కలు పదమూడే పడతాయి. ఎందుకు? అతను ఒకసారి వదిలిపోయి మళ్లీ తిరిగి వెళ్లి ఆడిన జట్లు రెండున్నాయి. అవేవి? జవాబులు రెండూ ఈ వ్యాసంలోనే దాక్కున్నాయి.

చివరగా అదే పటం మీద అమ్మానాన్నలు ఇప్పటిదాకా ఉన్న ఊళ్లు అడిగి, వాటికి పచ్చ చుక్కలు పెట్టండి. పటం చాలకపోతే ప్రపంచ పటం తెచ్చుకోండి. ఒక్కో ఊరు ఎందుకు వదిలారో, తర్వాతి ఊరికి ఎవరు పిలిచారో కూడా అడగండి. మీ ఇంట్లోనూ ఒక ఎడ్విన్ ఉండే ఉంటారు. వచ్చే సంచికలో కలుద్దాం.